కుడికాళ్ళన్నీ పోయిన వారం

బూట్ల అక్కయ్య ఎవర్నీ నమ్మదు. ఇది వెనకాల ఎవరో చెవులు కొరుక్కునే మాట కాదు, ఆవిడే వచ్చినవాళ్ళందరికీ బిరుదులా చెప్పుకునే మాట. దుకాణానికి మూడు తాళాలు, మూడింటి తాళంచెవులూ ఆవిడ మెడలోనే. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి, గుర్తింపు కార్డు రెండువైపులా చదివిగానీ లోపలికి రానివ్వదు. ఆమధ్య పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే "చేతులు కడుక్కున్నారా?" అని అడిగిందట. కడుక్కున్నానని ఆయన అంటే "ఎప్పుడు?" అందట.

ఆవిడ చేసేవి మామూలు బూట్లు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, పాదం లోపలికి తిరిగినవాళ్ళకి, ప్రమాదాల్లో వేళ్ళు పోయినవాళ్ళకి, ఎవరి పాదానికి తగ్గట్టు వాళ్ళకి చేసే బూట్లు. వచ్చినవాళ్ళు గాజుపలక మీద పాదం పెడితే ఒక మిషను దాని ఆకారాన్ని కంప్యూటర్లోకి లాగుతుంది. ఆ ఆకారాన్ని అక్కయ్య తెరమీద సవరిస్తుంది, ఇక్కడ రెండు మిల్లీమీటర్లు లేపి, అక్కడ ఒకటి తగ్గించి. ఇంకో మిషను దాన్ని గట్టి ఫోము దిమ్మలోంచి పాదం అచ్చుగా కోసిస్తుంది. అచ్చును ఆకురాయితో, ఉప్పుకాగితంతో నునుపుచేసి, దానిమీద తోలు బిగించి బూటు కుడతారు. కొలత తీసుకోవడం పది నిమిషాల పని. సవరించడానికి మాత్రం నెలలు పడుతుంది. బూటు వేసుకెళ్ళిన మనిషి వారానికోసారి కుంటుకుంటూ వచ్చి "ఇక్కడ నొక్కుతోందమ్మా" అంటాడు, ఆవిడ మళ్ళీ తెరముందు కూర్చుంటుంది. కాబట్టి ఆ కంప్యూటర్లో ఉన్నవి ఉత్త పాదాలు కాదు. పాదాలూ, వాటిమీద నాలుగేళ్ళుగా వచ్చిన ఫిర్యాదులూ.

ఆవిడకి ఒక తమ్ముడున్నాడు. నలభై రెండేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పద్దెనిమిదేళ్ళుగా ఆ దుకాణంలోనే పని. చేతిలో మంచి పనితనం ఉంది. అదే అక్కయ్య భయం. జతంటూ వాడి చేతిలో పడితే రేపు పక్కవీధిలో బోర్డు కట్టేస్తాడని ఆవిడ లెక్క. అందుకని వాడికి ఏనాడూ జత ఇవ్వలేదు. ఎడమకాళ్ళు అక్కయ్యవి, కుడికాళ్ళు తమ్ముడివి. ఆవిడ చెక్కిన ఎడమ అచ్చును వాడు చూడకూడదు. బూటు తయారవగానే అచ్చును పగలగొట్టెయ్యాలి. ఆవిడ ఎడమది ఎదురుగానే పగలగొట్టేది, వాడు కుడిది పెరట్లోకి పట్టుకెళ్ళేవాడు. సుత్తి చప్పుడు వినపడేదాకా ఆవిడ తర్వాతి బూటు కుట్టడం మొదలుపెట్టేది కాదు. కంప్యూటరు పాస్‌వర్డ్ సంగతి ఇక చెప్పేదేముంది? ఆవిడ పరదాలా చెయ్యి అడ్డంపెట్టుకుని కొట్టేటప్పుడు తమ్ముడు కిటికీలోంచి వీధి చూడాలి. పాపం ఆ వీధిలో ఎన్ని కరెంటు స్తంభాలున్నాయో వాడికి కంఠతా వచ్చు.

ఇంత జాగ్రత్త మనిషి ఒక శనివారం మధ్యాహ్నం ఏం చేసిందో వినండి.

కంప్యూటరు నత్తనడక నడుస్తోందని పక్క కళ్ళజోళ్ళ దుకాణం ఆయనతో మొత్తుకుంది. "ఫైళ్ళు సర్దే యాప్‌లు బోలెడున్నాయండీ, ఊరికే దొరుకుతాయి" అన్నాడాయన, తను వాడాడో లేదో చెప్పకుండా. ఆవిడ వెతికింది. మొదట కనపడిన దాని బొమ్మ చీపురు. చీపురుకి కళ్ళూ, నవ్వు మొహమూ ఉన్నాయి. ఎవరు చేశారో, ఏ ఊరువాళ్ళో, ఎందుకు ఊరికే ఇస్తున్నారో ఆవిడ అడగలేదు. కార్డుంటే రెండువైపులా చదివేదేమో, చీపురికి కార్డు లేదు.

చీపురు నలభై ఆరు పేజీల నిబంధనలు ముందుపెట్టింది. బిస్కెట్టు పొట్లం మీద తారీఖు చూడందే నోట్లో పెట్టని అక్కయ్య, వాటిని ఒక్క లాగుతో కిందకి లాగి 'అంగీకరిస్తున్నాను' మీద నొక్కింది. తర్వాత చీపురు ఒక్కొక్కటే అడిగింది. మీ ఫైళ్ళన్నీ చూడొచ్చా? సరే. మార్చొచ్చా? సరే. తీసెయ్యొచ్చా? సరే. మీరు లేనప్పుడు కూడా పనిచెయ్యొచ్చా? ఎంత కష్టపడే మనస్తత్వమో అని ముచ్చటపడి, సరే. చివరికి పాస్‌వర్డ్ అడిగింది.

"ఒరేయ్, అటు తిరుగు" అంది ఆవిడ తమ్ముడితో. వాడు కిటికీవైపు తిరిగాడు. ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి చీపురికి పాస్‌వర్డ్ చెప్పేసింది.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. అక్కయ్య ఫైళ్ళు రెండు ఫోల్డర్లలో ఉంటాయి, ఒకటి 'ఎడమ', ఒకటి 'కుడి'. మనిషికి పేరు ఒకటే కాబట్టి రెండిట్లోనూ ఫైలుకి ఒకే పేరు. కొలత ఎడమ తీశాక కుడి, రెండూ ఒకే రోజు, సైజు కూడా ఇంచుమించు ఒకటే. బూట్లు కుట్టేవాళ్ళకి ఇందులో వింతేం లేదు. కానీ చీపురు ఎన్నడూ బూటు తొడుక్కుని ఎరగదు. "ఒకేలాంటి ఫైళ్ళు ఆరువందల పన్నెండు దొరికాయి, అదనపువి తీసెయ్యనా?" అని అడిగింది. ఇంత చెత్త తమ్ముడే పోగేసి ఉంటాడనుకుంది అక్కయ్య, వాడు ఆ కంప్యూటర్ని ఒక్కనాడూ ముట్టుకోలేదన్న సంగతి ఆ క్షణాన తోచక. సరే అంది. చీపురు ఊడ్చింది, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది, తెరనిండా రంగుకాగితాలు ఎగరేసి "అభినందనలు!" అంది. అక్కయ్య తమ్ముడివైపు చూసి "పనంటే ఇలా చెయ్యాలి" అంది.

సోమవారం పొద్దున్నే బస్సు డ్రైవరు వచ్చాడు. ఆరేళ్ళ కిందట డిపోలో బస్సు చక్రం కింద పడి ఆయన కుడిపాదం నలిగింది, మూడు వేళ్ళు పోయాయి. బ్రేకు మీద బలంగా నొక్కగలిగే బూటు చెయ్యడానికి అక్కయ్యకి ఏడు నెలలు పట్టింది, పదకొండుసార్లు తమ్ముడిచేత విప్పించి కుట్టించింది. ఆ బూటు ఇప్పుడు అరిగిపోయి, అడుగు ఒక పక్కకి ఒరిగింది.

"శుక్రవారం పన్నెండింటికి డాక్టర్ల ముందు పరీక్షమ్మా" అన్నాడాయన. "బ్రేకు సరిగ్గా తొక్కలేకపోతే నన్ను టైర్ల గదిలో కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్ళు బండి నడిపినవాణ్ణి, ఆ గదిలో బతకలేను."

"దానికేం, పాత కొలతే ఉందిగా. గురువారానికి ఇచ్చేస్తా" అని అక్కయ్య 'కుడి' తెరిచింది.

ఖాళీ. మూసి తెరిచింది. ఖాళీయే. ఎడమకాళ్ళన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి, కుడికాలు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆవిడ డ్రైవరుతో రేపు రమ్మని చెప్పి పంపించి, తలుపేసి, తమ్ముడి మీద పడింది.

"ఏం చేశావురా నా కుడికాళ్ళని?"

"నేనేం చేస్తానక్కా? నాకు పాస్‌వర్డే తెలీదు కదా!"

"అదే నేనూ అడిగేది. తెలీకుండా ఎలా చేశావ్?"

తమ్ముడికి నవ్వు రాబోయి ఆగింది, అక్క మొహంలో తమాషా లేదు మరి. "పోయినవి కుడికాళ్ళు. కుడికాళ్ళు ఎవరివి? నీవి. జత దొరకలేదని ఉన్నదాన్నే పట్టుకుపోయావు" అంది. పద్దెనిమిదేళ్ళుగా మనసులో నానబెట్టుకున్నదంతా ఆ పూట కక్కేసింది. తమ్ముడు మారు మాట్లాడకుండా తోలు ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాడు.

"వెళ్ళమంటావా?" అన్నాడు.

"ఇంకా అడుగుతున్నావా?"

వాడు వెళ్ళిపోయాక ఆవిడ చీపురువాళ్ళ సహాయకేంద్రానికి రాసింది, దొంగని పట్టుకోవడంలో సాయం చెయ్యమని. నిమిషంలో జవాబు వచ్చింది. 'గౌరవనీయులైన వినియోగదారు గారూ, సదరు ఫైళ్ళను శనివారం సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు మీ అనుమతితో, మీ పాస్‌వర్డ్‌తో తొలగించాము. వాటిని తిరిగి తెచ్చే వీలు లేదు. మామీద మీరు ఉంచిన నమ్మకానికి ధన్యవాదాలు. మా సేవకి ఐదులో ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

ఆవిడ ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివింది. అందులో తమ్ముడి ప్రసక్తి ఎక్కడా లేదు. అయినా వాడికి ఆ మాట చెప్పడానికి ఫోను తియ్యలేదు. తప్పు తనదని తెలిసిన మనిషికి ఫోను ఎంత బరువో!

మంగళవారం డ్రైవరు పాదం కొత్తగా కొలిచి, తెరమీద ఊహకొద్దీ సవరించి, అచ్చు కోసి, కుడి అచ్చుని తనే నునుపుచెయ్యడానికి కూర్చుంది. చేతులు మొరాయించాయి. పద్దెనిమిదేళ్ళుగా ఎడమ వంపులకే అలవాటుపడ్డ చేతులు, ఎంత అదిలించినా ఎడమకే పోతున్నాయి. బుధవారం మధ్యాహ్నం డ్రైవరు ఆ అచ్చు మీద అరకొరగా కుట్టిన బూటు వేసుకుని గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. మూడోసారికి కూర్చుండిపోయి, మేజోడు విప్పితే మడమ మీద బొబ్బ. ఆయన బొబ్బవైపు చూస్తూ "టైర్ల గదిలో కిటికీ కూడా లేదమ్మా" అన్నాడంతే. అక్కయ్యకి ఏడుపొచ్చింది. తన గర్వం కోసం ఈ మనిషి బతుకు పాడుచెయ్యడానికి తనెవరు?

ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళింది. వాడి పెళ్ళాం తలుపు తీసి, "రండి వదినా" అని పక్కకి తప్పుకుంది. గదిలో అడుగుపెట్టిన అక్కయ్య అక్కడే నిలబడిపోయింది. బీరువా మీద కుడికాళ్ళు. మంచం కింద కుడికాళ్ళు. పిల్లల పుస్తకాల అలమరలో, కుట్టుమిషను అరలో, కిటికీ గట్టుమీద అన్నీ కుడికాళ్ళ అచ్చులే, ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ, చీటీ మీద మనిషి గుర్తు, తారీఖు.

"దొంగవెధవా!" అంది అక్కయ్య. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆవిడకి పండగలాగే అయింది. "నాకు తెలుసు! నా అనుమానం ఎప్పుడూ తప్పు కాలేదు! మరి ఆ సుత్తి చప్పుడో?"

"పనికిరాని దిమ్మల మీద కొట్టేవాణ్ణి" అన్నాడు తమ్ముడు. దాచుకోలేదు, తల దించుకోలేదు. "అవునక్కా, దొంగతనమే. సొంతంగా దుకాణం పెట్టుకుందామనే తెచ్చాను. రెండేళ్ళు పోగేశాక వెలిగింది, ఉత్త కుడికాళ్ళతో ఎవరు దుకాణం పెడతారని. అప్పటికి పారెయ్యబుద్ధి కాలేదు. నా చేత్తో చేసినవి కదా!"

"ఇల్లు ఊడవడానికి చోటులేదు వదినా" అంది మరదలు.

అక్కయ్య మంచం అంచున కూలబడింది. చీపురు సంగతి మొదటినుంచీ చెప్పింది, సరేలన్నిటితో సహా. తమ్ముడు చాలాసేపు విన్నాడు.

"నన్ను పద్దెనిమిదేళ్ళు రోజూ చదివావు, ఒక్క ముక్క నమ్మలేదు" అన్నాడు చివరికి. "దాన్ని ఒక్క ముక్క చదవలేదు, నిలువునా నమ్మేశావు. ఎందుకక్కా?"

బహుశా చీపురు తోబుట్టువు కాకపోవడం వల్లనేమో. తమ్ముడు ఎక్కువ సాగదీయలేదు, కుట్టుమిషను అరలోంచి డ్రైవరు కుడికాలు తీసి ఇచ్చాడు. గురువారమంతా ఇద్దరూ తల ఎత్తకుండా పనిచేశారు. శుక్రవారం రెండింటికి డ్రైవరు దుకాణం ముందు బస్సు ఆపి, వెనకాల బళ్ళవాళ్ళు గోలచేస్తున్నా ఖాతరు చెయ్యకుండా దిగి వచ్చి, "పాసయ్యానమ్మా!" అని అరిచి వెళ్ళాడు. ఆ సంతోషంలో అక్కయ్య తమ్ముడి భుజం తట్టి "ఏం కావాలో అడగరా" అంది.

"పాస్‌వర్డ్ చెప్పు. ఇంకేమీ వద్దు. మా ఇంట్లో ఉన్నవన్నీ మళ్ళీ అందులోకి ఎక్కిస్తాను" అన్నాడు వాడు.

"ఓస్, అంతేనా!" అంది ఆవిడ. అన్నాక రాత్రి భోజనం సరిగ్గా సాగలేదావిడకి.

మర్నాడు పొద్దున ఒక చీటీ మడిచి తమ్ముడికి ఇచ్చింది. వాడు కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. చీటీలో ఉన్నది కొట్టాడు. కంప్యూటరు తెరుచుకుంది. వాడి మొహం చూడాలి అప్పుడు! వెంట తెచ్చిన కుడికాలిని మిషనుతో కొలిచి, 'కుడి'లో పెట్టబోయాడు. 'ఈ పనికి మీకు అనుమతి లేదు' అంది తెర. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. అనుమతులు ఎవరికేమున్నాయో చూపించే పట్టిక తెరిచాడు. అందులో మూడు వరసలున్నాయి. అక్కయ్య, అన్ని అనుమతులు. చీపురు, అన్ని అనుమతులు. తమ్ముడు, చూడ్డానికి మాత్రమే.

"దాన్ని ఇంకా తియ్యలేదా?"

"తీస్తే ఉన్న ఎడమకాళ్ళు కూడా పట్టుకుపోతుందేమోనని..." అక్కయ్య నసిగింది. "నీకు వేరే పాస్‌వర్డ్ పెట్టి, ముందు ఇంతవరకు ఇచ్చాను. మెల్లమెల్లగా పెంచుదామని."

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. ఆగ్రహం లేదు, అలక లేదు. వెళ్ళి కొలతలకి వచ్చేవాళ్ళు కూర్చునే బల్లమీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో ఒక టైలరమ్మ కొత్త బూట్ల కోసం వచ్చింది, కుడిపాదం పుట్టుకతోనే లోపలికి తిరిగిన మనిషి. కొలత తీసి, ఆవిడని పంపి, అచ్చు కోశాక అక్కయ్య కుడి అచ్చును తమ్ముడికి అందించింది. వాడు తీసుకోలేదు.

"చూస్తున్నానండీ" అన్నాడు. "నాకు చూడ్డానికే అనుమతుంది."

అండీ! పుట్టి బుద్ధెరిగాక వాడు ఆవిణ్ణి అక్కా అనే పిలిచాడు. తిట్టినా అక్కానే, అలిగినా అక్కానే. ఆ 'అండీ' ఆవిడకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. కోపంతో అచ్చును ఒళ్ళో పెట్టుకుని ఆకురాయి అందుకుంది. నాలుగు గీతలకే బొటనవేలి దగ్గర పెచ్చు లేచిపోయింది. ఇంకో అచ్చు కోసింది. అదీ అంతే. తమ్ముడు శ్రద్ధగా చూస్తూనే ఉన్నాడు. మూడో అచ్చుకి మడమ పోయింది.

ఆవిడ ఆకురాయి విసిరేసి కంప్యూటరు ముందుకెళ్ళింది. చీపురును పట్టుకుని తీసెయ్యమని నొక్కింది. తెరమీద చీపురు నవ్వు మొహం ఏడుపు మొహమైంది. 'అప్పుడే మమ్మల్ని వదిలేస్తున్నారా? మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా? దయచేసి కారణం చెప్పండి' అని కింద ఒక గడి చూపించింది.

అక్కయ్య మర్యాదస్తురాలు. కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టడం మొదలుపెట్టింది. 'అయ్యో, మీ తప్పేం లేదండీ. మీరు అడిగే చేశారు. నేనే చదువుకోకుండా తొందరపడ్డాను. మీ మనసు కష్టపెట్టి ఉంటే క్షమిం' అని కొట్టేసరికి వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి ఆగింది. తమ్ముడు ఆవిడ భుజం మీదుగా చదువుతున్నాడు.

"ఈ మాట నీకు వచ్చన్నమాట" అన్నాడు.

సోమవారంనుంచి జరిగినవి వరసగా ఆవిడ కళ్ళముందు తిరిగాయి. వాడు ఏప్రన్ విప్పింది, వెళ్ళమంటావా అని అడిగింది, తను వాడి ఇంటికి వెళ్ళి దొంగవెధవా అని కేకేసింది. ఇంతసేపట్లో, ఇన్నాళ్ళలో, ఈ మాట ఒక్కసారి కూడా వాడికి చెప్పలేదని అప్పుడు తట్టింది.

కొట్టిందంతా చెరిపేసి, గడిని ఖాళీగా వదిలేసి, చీపురును పంపించేసింది. కుర్చీ ఇటు తిప్పింది. తెరకి అంత వీలుగా దొర్లిన మాట, ఎదురుగా మొహం ఉండేసరికి గొంతు దాటి రానంది. ఒకసారి దగ్గింది. తాళంచెవులు సవరించుకుంది. "ఒరేయ్" అని ఆగింది.

"తప్పయిపోయిందిరా. నన్ను క్షమించు" అంది ఎట్టకేలకి, నేల చూస్తూ.

తమ్ముడు వంగి ఆకురాయి తీశాడు, కొక్కేన్నుంచి ఏప్రన్ అందుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళకీ కలిపి ఇదొక్కటేనా, అక్కా?" అన్నాడు.

ఆవిడ కాదని తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది.